మీ వంటింట్లో ఏ గిన్నె ఉండాలి, ఏది పోవాలి

చెన్నైలోని మన పాఠకుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గిన్నెల గురించే. నాన్‌స్టిక్ వాడితే క్యాన్సర్ అని, సత్తు (అల్యూమినియం) గిన్నెలో వండితే మతిమరుపు అని వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతున్నట్టున్నాయి, అందరూ టెన్షన్ పడుతూ రాశారు. కొందరైతే అప్పటికే సగం సామాను పాత సామాన్లవాడికి వేసేశారు కూడా. నన్నడిగితే గిన్నె ఒక్కదాన్నే చూసి మంచిదో చెడ్డదో తేల్చలేం. అందులో ఏం వండుతున్నారు, పులుపెంత, సెగ ఎంత, వండింది ఎంతసేపు అందులోనే ఉంచుతున్నారు అన్నది కూడా చూడాలి. నిజంగా భయపడాల్సినవి కొన్ని ఉన్నాయి, కానీ అవి వీడియోల్లో చెప్పేవి కావు. ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్ర: నాన్‌స్టిక్ దోసె పెనం కొని రెండేళ్లయింది. మధ్యలో గీతలు పడి, నల్లపూత అక్కడక్కడా లేచిపోయింది. దోసెతో పాటు ఆ పొట్టు కూడా కడుపులోకి పోతోందేమోనని భయంగా ఉంది. మావారేమో "పీఎఫ్‌ఓఏ ఫ్రీ అని రాసుంది కదా, ఏం కాదు" అంటారు. మా పాప వంటింటి పక్క బాల్కనీలో రెండు లవ్ బర్డ్స్ పెంచుతోంది, వాటికేమైనా అవుతుందా? (మడిపాక్కం నుంచి ఒక పాఠకురాలు)

జ: ముందు ఆ పంజరం అక్కణ్ణుంచి తీయించండమ్మా, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. ఆ నల్లపూతని పీటీఎఫ్‌ఈ అంటారు, టెఫ్లాన్ అనే పేరుతో మనందరికీ తెలిసింది అదే. 1938లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనే కెమిస్టుకి అనుకోకుండా దొరికింది. మామూలు వేడిలో అది దేనితోనూ కలవదు, అందుకే దోసె అంటుకోదు. కానీ 260 డిగ్రీలు దాటాక మెల్లగా పాడవడం మొదలవుతుంది, 350 దగ్గరికొచ్చేసరికి విషపు పొగలు బాగా వస్తాయి. ఆ పొగ పీలిస్తే మనకి చలిజ్వరం, ఒళ్లునొప్పులు, దగ్గు వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి, ఏదో ఫ్లూ అనుకుని వదిలేస్తాం. పక్షులు అలా కాదు. వాటి ఊపిరితిత్తులు గాల్లో ఉన్నదాన్ని మనకంటే చాలా త్వరగా ఒంట్లోకి లాగేస్తాయి, ఆ పొగ తగిలితే నిమిషాల్లో చనిపోతాయి. పెంపుడు పక్షులు చూసే ఏ పశువైద్యుణ్ణి అడిగినా ఇదే చెబుతారు.

260 డిగ్రీల దాకా మనింట్లో ఎక్కడ పోతుందిలే అనుకోవద్దు. గిన్నెలో పులుసో నీళ్లో ఉన్నంతసేపు వేడి 100 దగ్గరే ఆగుతుంది. ఖాళీ పెనం పెద్దమంట మీద పెట్టి, ఫ్రిజ్‌లోంచి పిండి తీసి, కాసిని నీళ్లు కలిపి, ఉప్పు చూసి, ఈలోగా ఫోన్ మోగితే రెండు మాటలు మాట్లాడి వచ్చేసరికి అది దాటిపోతుంది. పైగా దోసె పెనం మిగతా పెనాల్లాంటిది కాదు, దోసెకీ దోసెకీ మధ్య ఖాళీగానే కాలుతూ ఉంటుంది. అందుకే దోసెకి నాన్‌స్టిక్ వద్దనే నేను గట్టిగా చెబుతాను. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార సూచనల్లో ఇంకా జాగ్రత్తగా చెప్పింది, 170 డిగ్రీలు దాటినా నాన్‌స్టిక్‌తో ప్రమాదమే అంది.

కడుపులోకి పోయిన పొట్టు గురించి మాత్రం బెంగ పెట్టుకోకండి. ఆ ముక్కలు అరగవు, ఒంటికి పట్టవు, వచ్చిన దారినే పోతాయి. అలాగని ఆ పెనం వాడుతూ ఉండమని కాదు, పూత లేచింది కాబట్టి దాని పని అయిపోయింది.

ఇక మీవారి మాట. పీఎఫ్‌ఓఏ అనేది ఈ పూత తయారుచేసేటప్పుడు వాడిన రసాయనం, పెనంలో మిగిలేది చాలా తక్కువ. దాని వల్ల ఘోరంగా నష్టపోయింది ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఉన్నవాళ్లు. అమెరికాలో పార్కర్స్‌బర్గ్ ఊరి దగ్గర ఆ నీళ్లు తాగినవాళ్లని పరీక్షించి కిడ్నీ క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, థైరాయిడ్ జబ్బు లాంటివాటికి సంబంధం ఉందని తేల్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2023లో దాన్ని మనుషులకి క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. పెద్ద కంపెనీలు 2015 కల్లా అది మానేశాయి కాబట్టి ఇప్పుడు ఆ స్టిక్కర్ దాదాపు ప్రతి పెనం మీదా ఉంటుంది. ఆ రసాయనం లేదని చెప్పడం వేరు, పూత ఎక్కువ వేడికి ఆగుతుందని చెప్పడం వేరు. రెండోది ఆ స్టిక్కర్ చెప్పట్లేదు.

ప్ర: మా అత్తగారు నెల్లూరు నుంచి వచ్చేటప్పుడు సత్తు తపేలాలు, ఒక పెద్ద సత్తు మూకుడు తెచ్చుకున్నారు. చేపల పులుసు అందులో చేస్తేనే ఆవిడకి రుచి, రాత్రి చేసి పొద్దున దాకా అందులోనే ఉంచుతారు. మామగారికి కిడ్నీ సమస్య ఉంది. ఎలా చెప్పాలో తెలియడం లేదు. మా కుక్కర్ లోపల కూడా నల్లగా అయిపోయింది, అది విషమా? (అంబత్తూరు)

జ: మామగారి కిడ్నీల మాట చెప్పండి, అత్తగారు తప్పకుండా వింటారు, ఆవిడకి ఆయన కంటే పులుసు ఎక్కువ కాదు కదా. అల్యూమినియం మీద కంటికి కనపడని పలచని పొర ఒకటి తనంతట తానే కట్టుకుంటుంది. అన్నం, పాలు, ఉడికించిన కూరగాయలు ఆ పొరని పెద్దగా ఏమీ చేయవు. చింతపండు, టమాటా, నిమ్మకాయ, ఉప్పు, ఇవి కలిసి సెగ మీద చాలాసేపు మరిగితే పొర కరిగి లోహం కూరలోకి దిగుతుంది. రాత్రంతా అందులోనే ఉంటే ఇంకా దిగుతుంది. మన నెల్లూరు చేపల పులుసులో ఈ నాలుగిట్లో మూడు నిండుగా ఉంటాయి, పైగా మర్నాటికే దానికి రుచి అంటాం.

ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లోకి పోయిన అల్యూమినియం చాలావరకు బయటికే పోతుంది, రక్తంలో కలిసిన ఆ కాస్తనీ కిడ్నీలు తోసేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణుల సంఘం 2011లో పెట్టిన హద్దు ప్రకారం మనిషి బరువులో కిలోకి 2 మిల్లీగ్రాముల చొప్పున వారానికి లోపలికి వెళ్లినా ఫర్వాలేదు, అంటే 60 కిలోల మనిషికి 120 మిల్లీగ్రాములు. కిడ్నీలు సరిగ్గా పనిచేయని మనిషికి ఈ లెక్క వర్తించదు, ఆ లోహం ఎముకల్లో, మెదడులో పేరుకుంటుంది. కాబట్టి మీ ఇంట్లో పులుసు స్టీలు గిన్నెలోకో మట్టి చట్టిలోకో మారాలి, ఇందులో బేరాల్లేవు. మతిమరుపు జబ్బుకి అల్యూమినియం గిన్నెలే కారణమని మాత్రం ఎవరూ నిరూపించలేదు, ఆ వీడియో పక్కన పెట్టండి.

ఇక అసలు భయపడాల్సిన సంగతి. సత్తు గిన్నె ఎక్కడ తయారైంది? మంచి కంపెనీ వాళ్లు శుద్ధమైన రేకుతో చేస్తారు. చిన్న కొలుముల్లో పాత ఇంజన్ భాగాలు, రేడియేటర్లు, కరెంటు తుక్కు అన్నీ కరిగించి పోతపోసిన బరువైన గిన్నెల్లో మాత్రం సీసం ఉండే అవకాశం ఉంది. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ బయటి దేశాల నుంచి వచ్చిన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, ఇండాలియం (అల్యూమినియం మిశ్రమలోహం) గిన్నెల్లోంచి సీసం వంటలోకి దిగుతోందని హెచ్చరించింది, వాటిలో మన దేశంలో తయారైనవీ ఉన్నాయి. సీసానికి "ఇంతవరకు ఫర్వాలేదు" అనే హద్దే లేదు, ముఖ్యంగా పిల్లల మెదడుకి. మార్కు లేకుండా, తయారుచేసిన ఊరు పేరు లేకుండా, తూకానికి అమ్మే పోత మూకుళ్లు ఇంట్లో ఉంటే వంటకి వాడకండి. అత్తగారు తెచ్చిన ఆ పెద్ద మూకుడు పోత సామానైతే మొదట పోవాల్సింది అదే, తపేలాల సంగతి తర్వాత.

కుక్కర్ నలుపు విషం కాదు. మన బోరు నీళ్లలో, ట్యాంకరు నీళ్లలో ఉండే ఉప్పులు అల్యూమినియంతో కలిస్తే ఆ నలుపు వస్తుంది. నిమ్మచెక్కో చింతపండు తొక్కో వేసి మరిగిస్తే తెల్లబడుతుంది, కానీ అలా తెల్లబడిందంటే ఆ రక్షణ పొర కూడా పోయిందన్నమాట. నలుపు అలాగే ఉండనివ్వండి, బియ్యం, పప్పు లోపల స్టీలు గిన్నెలో పెట్టి ఉడికించండి, అడుగున నీళ్లే ఉంటాయి.

ప్ర: మాది కొత్త కాపురం, ఇద్దరం ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో ఉద్యోగాలు. టీ నగర్‌లో గిన్నెల షాపుకి వెళితే ఒకరు ట్రైప్లై అన్నారు, ఒకరు గ్రానైట్ పెనం అన్నారు, ఒకరు సిరామిక్ అన్నారు, ఒకాయన అయస్కాంతం తీసి అంటించి "చూడండి, అంటుకోలేదు, అసలైన స్టీలు" అన్నాడు. ఏం కొనాలి? (షోళింగనల్లూరు)

జ: అయస్కాంతం పరీక్ష నమ్మకండి బాబూ. 304 అనే మంచి రకం స్టీలు అయస్కాంతానికి అంటుకోదు, నిజమే. అందులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, అందుకే 18/8 అని కూడా రాస్తారు. కానీ నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక రకం 202 కూడా అంటుకోదు. రెంటినీ అయస్కాంతం ఒకేలా చూస్తుంది. మరోపక్క ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయాలంటే అడుగు అయస్కాంతానికి అంటుకునే రకమే, అంటే 430 లాంటిదే ఉండాలి. కాబట్టి మంచి ట్రైప్లై గిన్నెకి లోపల 304, మధ్యలో అల్యూమినియం, బయట 430 ఉంటాయి, అయస్కాంతం బయట అంటుకుంటుంది, అది నాసిరకం అని అర్థం కాదు.

మీరు చూడాల్సింది ముద్ర. కేంద్రం 2024 మార్చిలో స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకి ఐఎస్‌ఐ తప్పనిసరి చేస్తూ ఆదేశం ఇచ్చింది. స్టీలు పాత్రలకి ఐఎస్ 14756, అల్యూమినియానికి ఐఎస్ 1660, ప్రెషర్ కుక్కర్‌కి ఐఎస్ 2347. ముద్ర కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది, దాన్ని షాపులోనే నిలబడి భారత ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఆ లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో తెలిసిపోతుంది. షాపువాడు తొందరపెట్టినా సరే, చూడండి.

గ్రానైట్ పెనం అంటే రాయి కాదు. చాలావాటిలో చుక్కల డిజైన్ వేసిన అదే పీటీఎఫ్‌ఈ పూత ఉంటుంది. సిరామిక్ అంటే ఇసుకలోంచి వచ్చే సిలికాతో చేసిన పూత, పొగల భయం లేదు, కానీ ఆ నున్నదనం ఎక్కువ రోజులు నిలవదు, రోజూ వాడితే ఏడాది తిరగకముందే అంటుకోవడం మొదలవుతుంది. ఆ డబ్బుతో మీ ఇద్దరికీ సరిపోయే ట్రైప్లై గిన్నె ఒకటి, కడాయి ఒకటి, ఇనుప పెనం ఒకటి, స్టీలు కుక్కర్ ఒకటి కొనుక్కోండి, అంతకన్నా అక్కర్లేదు. సెట్టు కొనొద్దు, సెట్లో సగం గిన్నెలు అటక మీదికే పోతాయి.

ఇంకో రెండు మాటలు. కొత్త స్టీలు గిన్నెలో మొదటి కొన్ని వంటల్లో నికెల్, క్రోమియం కాస్త ఎక్కువ దిగుతాయి, తర్వాత తగ్గిపోతాయి, కాబట్టి మొదట్లో టమాటా పచ్చడి, చారు చేయకుండా పాలు, అన్నం లాంటివి వండండి. నికెల్ పడనివాళ్లు ఉంటారు, గిల్టు నగలు పెట్టుకుంటే దద్దుర్లు వచ్చేవాళ్లు, మీ ఇద్దరిలో ఎవరికైనా అలా ఉంటే డాక్టర్ని అడగండి. అడుగున తెల్లని చిన్న చిన్న గుంటలు పడకుండా ఉండాలంటే చల్లని నీళ్లలో ఉప్పు వేయకండి, నీళ్లు మరిగాక వేయండి. గిన్నెలో ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే అది వేడి వల్ల వచ్చింది, దాంతో ఏ హానీ లేదు.

ప్ర: మా పక్కింటి మామి ఈయచొంబు అనే లోహపు చెంబులో చారు పెడుతుంది. వాసన మా ఇంటిదాకా వస్తుంది, మా ఇంట్లో ఎన్ని చేసినా ఆ రుచి రాదు. నాకూ ఒకటి కొనుక్కోవాలని ఉంది. కానీ ఈయం అంటే సీసం కదా, విషం కాదా అని మా అబ్బాయి అంటున్నాడు. (నంగనల్లూరు)

జ: మీ అబ్బాయి అడగాల్సిందే అడిగాడు. చారు పెట్టే ఈయచొంబు సరైనదైతే శుద్ధమైన తగరంతో చేసింది, సీసం కాదు. తగరం చారులోకి కాస్త దిగినా ఒంటికి పెద్దగా పట్టదు. తగరం ఖరీదైన లోహం, సీసం చవక, రెండూ చూడ్డానికి తెల్లగా, మెత్తగా ఒకేలా ఉంటాయి, కరిగిస్తే ఇట్టే కలిసిపోతాయి. అక్కడ వస్తుంది ప్రమాదం. చారు అంటేనే పులుపు, సీసం ఉంటే పులుపు దాన్ని లాగేస్తుంది.

కాబట్టి ఎక్కడ కొంటున్నారన్నదే ముఖ్యం. తరాలుగా ఈ పని చేసే వాళ్ల దగ్గర, బిల్లు మీద శుద్ధ తగరం అని రాసిచ్చే చోట కొనండి. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి కనిపించేవాటి జోలికి వెళ్లొద్దు. ఇంటికొచ్చాక తెల్లకాగితం మీద చొంబు అంచుతో గట్టిగా గీయండి, పెన్సిల్ గీతలా నల్లగా పడితే అందులో సీసం ఉంది, తిప్పి ఇచ్చేయండి. గీత పడకపోతే మాత్రం సీసం లేదని పూర్తిగా నమ్మడానికి లేదు, కొద్దిగా కలిపినా తెలియదు. అనుమానం తీరాలంటే లోహాలు పరీక్షించే ల్యాబ్‌కి తీసుకెళ్లాలి, మీ దగ్గర్లో గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేట్ వైపు అలాంటివి ఉన్నాయి. ఎక్స్‌రే యంత్రంతో చూస్తారు, చొంబుని కోయాల్సిన పని లేదు. ఏళ్ల తరబడి రోజూ ఇంటిల్లిపాదీ తాగే చారు కాబట్టి ఆ ఖర్చు పెట్టొచ్చు.

వాడకం కూడా తెలుసుకుని కొనండి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ చొంబు పొయ్యి మీద పెట్టి అటు తిరిగి ఇటు తిరిగేసరికి అడుగు జారిపోతుంది. ముందు చింతపండు రసం, టమాటా, పప్పుతేట అన్నీ చొంబులో పోసి, అప్పుడు పొయ్యి మీద పెట్టాలి, మంట చొంబు అడుగు దాటి పక్కలకి ఎగబాకకూడదు, చారు మట్టానికి పైన ఉన్న అంచుకి మంట తగిలితే అక్కడా కరుగుతుంది. పొంగు వచ్చి నురగ కట్టగానే దించేయాలి. పోపు విడిగా చిన్న గరిటెలో వేయించి పైన పోయాలి, నూనె ఈ చొంబులో ఎప్పుడూ కాచకూడదు. దించాక చారు వేరే గిన్నెలోకి వంపేయండి, ఉంచకండి. స్టీలు పీచుతో తోమకండి. మీ ఇంట్లో చిన్నపిల్లలో, గర్భిణులో ఉంటే మాత్రం పరీక్ష చేయించని చొంబు వద్దేవద్దు, ఆ రుచి కోసం ఆ రిస్కు తీసుకోవడం నాకిష్టం లేదు.

ప్ర: మా అమ్మాయికి పదేళ్లు, రక్తం తక్కువ ఉందన్నారు. ఇనుప బాండీలో వండితే హిమోగ్లోబిన్ పెరుగుతుందని విన్నాను. కానీ కూర నల్లగా అయిపోతోంది, బాండీ తుప్పు పడుతోంది. (విల్లివాక్కం)

జ: పెరిగే మాట నిజం. ఇనుము వంటలోకి దిగుతుంది, అందులోనూ నీళ్లగా, పుల్లగా ఉండే కూరల్లోకి బాగా దిగుతుంది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తేలింది, కాబట్టి ప్రతి ఇంట్లో ఒక ఇనుప మూకుడు ఉండటం మంచిదే. కానీ డాక్టరు ఇచ్చిన మాత్రలు మానేసి బాండీ మీద ఆధారపడకండి. తలసేమియా లాంటి జబ్బు ఉన్నవాళ్లకి, ఒంట్లో ఇనుము పేరుకునే గుణం ఉన్నవాళ్లకి ఇది చెడు చేస్తుంది, అందుకని అమ్మాయికి రక్తం ఎందుకు తక్కువైందో ముందు డాక్టరుతో తేల్చుకోండి.

చింతపండు, వంకాయ, అరటికాయ పడితే ఇనుముతో కలిసి కూర నల్లగా మారుతుంది. అది తింటే ఏం కాదు, రుచి మాత్రం వగరుగా ఉంటుంది. ఇనుములో ఆకుకూర వేపుడు, బెండకాయ, చికెన్ వేపుడు, ఉల్లిపాయ టమాటా కూర చేసుకోండి, చివర్లో నిమ్మరసం పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. వండగానే వేరే గిన్నెలోకి తీసేయండి. పులుసులు, పులిహోర పులుసు ఇందులో వద్దు.

తుప్పు సంగతంటారా, మన ఊరి సముద్రపు గాలికి ఇనుము పట్టించుకోకపోతే రెండు రోజుల్లో ఎర్రబడుతుంది. కడిగిన వెంటనే పొయ్యి మీద పెట్టి తడి ఆరేదాకా వేడి చేసి, దించి, వేడిగా ఉండగానే నాలుగు చుక్కల నూనె గుడ్డతో పలచగా రాయండి. ఇదే పని పొగ వచ్చేదాకా వేడిచేసి, చల్లార్చి, మళ్లీ రాసి కొన్నిసార్లు చేస్తే నూనె గట్టిపడి నల్లని పూతలా కట్టుకుంటుంది, నాన్‌స్టిక్ అక్కర్లేకుండా దోసె లేస్తుంది. పైన మడిపాక్కం అమ్మకి నాన్‌స్టిక్ బదులు కావాల్సిన పెనం ఇలాంటిదే. ఇప్పటికే పట్టిన తుప్పుని కొబ్బరి పీచు, రాళ్లుప్పుతో రుద్దితే పోతుంది, పారేయనక్కర్లేదు. కొనేటప్పుడు మైనంలా మెరిసే పూత ఉంటే వేడి నీళ్లు, సబ్బుతో బాగా కడిగాకే మొదలుపెట్టండి.

ప్ర: మా అమ్మమ్మ రాచిప్పలో పులుసు పెట్టేది. ఇక్కడ కల్‌చట్టి అని అమ్ముతున్నారు, అదేనా? మట్టి కుండలు కూడా కొనాలనుంది, మంచివేనా? (కొళత్తూరు)

జ: అదేనండి. సేలం వైపు నుంచి వస్తుంది, మెత్తని రాయిని తొలిచి చేస్తారు. చింతపండు దాన్ని ఏమీ చేయలేదు, పొయ్యి ఆపాక కూడా పులుసు కాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది, కాబట్టి కాస్త ముందే ఆపేయండి. కొత్తది నేరుగా పొయ్యి మీద పెడితే పగులుతుంది. నూనెలో పసుపు కలిపి లోపలా బయటా పట్టించి కొన్ని రోజులు ఉంచాలి, తర్వాత రోజూ వేడి గంజి పోసి ఉంచి పారబోయాలి, గంజి తేటగా కనిపించడం మొదలయ్యాక సన్న సెగ మీద మొదలుపెట్టాలి. ఓపిక లేనివాళ్లు కొనకండి.

మట్టికుండకి కూడా పులుపంటే భయం లేదు. పోషకాహార సంస్థ సూచనల్లో మట్టిపాత్రల్నే అన్నిటికంటే సురక్షితమైనవి అన్నారు. మీ దగ్గర్లోనే కొసపేట్‌లో కుమ్మరులు ఉన్నారు, వాళ్ల దగ్గర రంగు, మెరుపు లేని ఎర్రమట్టి చట్టి కొనుక్కోండి. గాజులా మెరిసే లోపలి పూత ఉన్నవి, రంగురంగుల డిజైన్లు ఉన్నవి వద్దు, తక్కువ వేడిలో ఆ మెరుపు రావడానికి కొందరు సీసం వాడతారు. ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, గంజి కాచి, అప్పుడు వాడండి. మట్టి పీల్చుకుంటుంది కాబట్టి సబ్బు వద్దు, పీచుతో వేడినీళ్లు పోసి కడిగి ఎండలో పెట్టండి.

ప్ర: ఇత్తడి గుండిగలు, రాగి చెంబులు ఉన్నాయి, కళాయి పోయింది. అమ్మేయాలా? (పెరంబూరు)

జ: అమ్మకండి, కళాయి పెట్టించండి. కళాయి లేని ఇత్తడిలో, రాగిలో పులుపు వండితే చిలుము దిగి వాంతులవుతాయి. పసిపిల్లలకి అందులో పాలు కాచి పట్టడం ఇంకా చెడ్డది, ఒకప్పుడు మన దేశంలో పసివాళ్ల కాలేయాన్ని తినేసిన జబ్బుకి దీనితో సంబంధం ఉందని డాక్టర్లు చెప్పారు. పెరంబూరు వైపు ఇప్పటికీ కళాయి వేసేవాళ్లు వస్తుంటారు, రాకపోతే పాత్రల షాపులో అడగండి. మీ ఎదురుగా వేయించుకోండి. గిన్నె కాల్చి, నవాసారం చల్లి, తగరం కడ్డీ తాకించి దూదితో తుడుస్తాడు, తెల్లగా మెరుస్తుంది. ఆ కడ్డీ శుద్ధ తగరమా, సోల్డరింగ్‌కి వాడేదా అని అడగండి, రెండోదాంట్లో సీసం ఉంటుంది. లోపల ఎర్రగానో పచ్చగానో కనిపించడం మొదలైతే మళ్లీ వేయించాలి. రాగి చెంబులో నీళ్లు పెట్టుకోవచ్చు, మజ్జిగ, నిమ్మరసం పోయకండి.

ప్ర: హోటల్ నుంచి సాంబారు ప్లాస్టిక్ కవర్లో వేడివేడిగా కట్టిస్తారు. ఇడ్లీ కూడా ప్లాస్టిక్ షీటు మీద వేస్తున్నారని విన్నాను. (వేళచ్చేరి)

జ: విన్నది నిజమే. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ఆరోగ్యశాఖ బెంగళూరుతో పాటు చాలాచోట్ల హోటళ్లలో గుడ్డ బదులు ప్లాస్టిక్ షీట్లు వేసి ఇడ్లీలు ఉడికిస్తున్నారని కనిపెట్టి, దాన్ని నిషేధించింది. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది, అయినా వేడి సాంబారు కవర్లో కట్టడం ఆగలేదు. వేడి, నూనె, పులుపు మూడూ ప్లాస్టిక్‌లోంచి రసాయనాలు లాగుతాయి. ఇంటి నుంచి స్టీలు క్యారియర్ తీసుకెళ్లండి, ఏ హోటల్‌వాళ్లూ కాదనరు. ఇంట్లో ఇడ్లీకి పాత నూలు పంచె ముక్క తడిపి వేసుకోండి, రంగు వేసిన గుడ్డ వద్దు, ప్రతిసారీ వాడాక సబ్బు లేకుండా వేడినీళ్లలో మరిగించి ఎండబెట్టండి.